కర్త లేని తీర్మానాలు: వాతావరణ సదస్సుల ముసాయిదా రచయితలకు ఒక అనువాదకుడి బహిరంగ లేఖ

ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు సదస్సుల్లో తీర్మానాల ముసాయిదాలు రాసే, దిద్దే, ఆమోదించే అన్ని దేశాల ప్రతినిధులకు,

నమస్కారం.

ఒక్క మాట మీద రాత్రంతా వాదించుకుని, గడువు దాటిన మర్నాడు ఎప్పుడో తీర్మానం ముగిస్తారని తెలుసు. ఆ కష్టాన్ని తీసిపారేయడానికి ఈ లేఖ రాయడం లేదు. నా పని కూడా మాటలతోనే. మీ తీర్మానాలనూ, ఐపీసీసీ (వాతావరణ మార్పు శాస్త్రాన్ని మదింపు చేసే ఐక్యరాజ్యసమితి బృందం) నివేదికల సారాంశాలనూ తెలుగు చేస్తుంటాను. ఐక్యరాజ్యసమితి అధికార భాషలు ఆరు. నా భాష ఆ ఆరింటిలో లేదు. కాబట్టి మీరు నీళ్లు నమిలిన ప్రతిచోటా అసలు ఏమన్నారో పాఠకులకు చెప్పాల్సిన భారం నామీద పడుతుంది.

ఈ సంగతే లోగడ రెండుసార్లు సంబంధిత కార్యాలయానికి రాసుకున్నాను. మొదటి ఉత్తరానికి 'మీ సందేశం అందినది' అని కంప్యూటర్ దానంతటదే పంపే జవాబు వచ్చింది. రెండోదానికి అదీ రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

2021 గ్లాస్గో సదస్సు తీర్మానం తెలుగు ప్రతికి ప్రూఫులు దిద్దిన ఆవిడ ఒక వాక్యం కింద గీత గీసి, పేజీ అంచున ఎర్ర సిరాతో "ఇందులో కర్త ఎవరండీ?" అని రాశారు. తప్పు నాదేమోనని మూలం తీసి చూశాను. విషయం బొగ్గు. అయితే మొత్తం బొగ్గు కాదు, బొగ్గు కరెంటు. అందులోనూ 'అన్‌అబేటెడ్' బొగ్గు కరెంటు, అంటే పొగలోని కార్బన్‌ను పట్టి ఆపే ఏర్పాటు లేనిది. దాన్ని ఆపడం గురించి కాదు, తగ్గించుకుంటూ పోవడం గురించి. తగ్గించడం కూడా కాదు, తగ్గించే దిశగా ప్రయత్నాలు. ప్రయత్నించడమూ కాదు, ప్రయత్నాలను వేగవంతం చేయడం. ఆ వేగవంతం చేయమన్నదైనా ఆదేశమా అంటే, పిలుపు. ఎవరికి పిలుపు? 'పక్షాలకు', అంటే అందరికీ. అందరికీ అన్నామంటే ఎవరికీ కాదని ఇంట్లో పని పురమాయించిన ఎవరికైనా తెలుసు. బొగ్గుకూ దాన్ని ఆపాల్సిన చేతికీ మధ్య ఇన్ని మాటలు అడ్డుపెట్టారు. ప్రూఫు మీద జవాబు రాయాల్సిన చోట నేను ఏమీ రాయలేకపోయాను.

ఆ తర్వాత పాత కాగితాలన్నీ ముందేసుకుని, శాస్త్రవేత్తలు రాసిన వాక్యాలను ఒకవైపు, మీవి ఒకవైపు పెట్టుకుని తేదీల వారీగా చదివాను. చూసింది వరసగా చెబుతాను.

1. తెలియక ఆలస్యమైంది కాదు.

వాతావరణం భూమి వేడిని పట్టి ఉంచుతుందన్న ఆలోచనను ఫ్రాన్సులో జోసెఫ్ ఫూరియే 1824లోనే రాశాడు. 1856లో అమెరికాలో యూనిస్ ఫూట్ రెండు గాజు గొట్టాలు, థర్మామీటర్లు, ఒక గాలి పంపు పెట్టుకుని ప్రయోగం చేసింది. ఒక గొట్టంలో మామూలు గాలి, ఇంకోదాంట్లో అప్పట్లో కార్బానిక్ ఆమ్ల వాయువు అని పిలిచే కార్బన్ డయాక్సైడ్ నింపి ఎండలో పెట్టింది. మామూలు గాలి 106 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఆగింది, ఇది 125కి చేరింది. ఎండలోంచి తీశాక చల్లారడానికీ చాలా ఎక్కువసేపు పట్టింది. ఆ వాయువు ఎక్కువగా ఉన్న వాతావరణం భూమిని వేడెక్కిస్తుందని ఆమె తేల్చి రాసింది. ఆ ఏడాది ఆగస్టులో ఆల్బనీ శాస్త్ర సభలో ఆ వ్యాసాన్ని ఆమె చదవలేదు, జోసెఫ్ హెన్రీ అనే ప్రొఫెసర్ చదివాడు. తర్వాత నూటయాభై ఏళ్లకు పైగా ఆమె పేరు దాదాపు ఎవరికీ గుర్తులేదు. ఆమె పరికరంతో ఎండ వేడినీ, భూమి తిరిగి వెదజల్లే కంటికి కనిపించని వేడినీ విడదీయడం కుదరదు. ఆ పని 1859లో లండన్‌లో జాన్ టిండాల్ చేశాడు. అయినా నాకు ఫూట్ వాక్యమే ఇష్టం. ఏ వాయువు, ఏం చేస్తుంది, దేన్ని అన్న మూడింటికీ అందులో జవాబుంది. తెలుగు చేయడానికి నాకు రెండు నిమిషాలు పట్టలేదు.

1896లో స్వీడన్‌లో స్వాంటె అర్హీనియస్ చేత్తో లెక్కలు కట్టి, గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి 5, 6 డిగ్రీలు వేడెక్కుతుందన్నాడు. వేడెక్కితే మంచిదేనని కూడా అనుకున్నాడు. చలిదేశపు మనిషి, పోనీలెండి. 1938లో గై కలెండర్ అనే ఆవిరి యంత్రాల ఇంజనీరు, ఉద్యోగం కాని వేళల్లో, 147 కేంద్రాల ఉష్ణోగ్రతలు పోగుచేసి, భూమి అప్పటికే వేడెక్కుతోందనీ, బొగ్గు పొగ అందుకు కారణమనీ చూపాడు. పెద్దలు నమ్మలేదు.

1958 మార్చిలో హవాయిలోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ డేవిడ్ కీలింగ్ కొలత మొదలుపెట్టాడు. మొదటి అంకె 313 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల పాళ్లకు 313 పాళ్ల కార్బన్ డయాక్సైడ్. 1964లో నిధులు కోసేయడంతో కొన్ని నెలలు కొలత ఆగిపోయింది. ఆ గ్రాఫును దగ్గరగా చూస్తే ఆ చిన్న ఖాళీ ఇప్పటికీ కనిపిస్తుంది. ఇప్పుడు ఆ అంకె 420 దాటింది.

1979లో జూల్ చార్నీ అధ్యక్షతన కూర్చున్న బృందం, కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే పెరుగుదల సుమారు 3 డిగ్రీలు, ఒకటిన్నర అటూ ఇటూ ఉంటుందని చెప్పింది. వేచి చూడటమంటే వేళ మించిపోయేదాకా కూర్చోవడమే కావచ్చని ఆ నివేదిక ముందుమాటలో వెర్నర్ సువోమి హెచ్చరించాడు. 2021లో ఐపీసీసీ ఆరో నివేదిక, నలభై రెండేళ్ల కొలతలూ ఉపగ్రహాలూ సూపర్ కంప్యూటర్లూ అన్నీ వాడి చెప్పిన ఉత్తమ అంచనా ఎంతో చూడండి: 3 డిగ్రీలు. అటూ ఇటూ ఉన్న హద్దులు దగ్గరపడ్డాయి, నడుమ అంకె కదల్లేదు.

చమురు అమ్మేవాళ్లకూ ఇది తెలుసు. ఎక్సాన్ సొంత శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ 1977లోనే యాజమాన్యానికి విషయం వివరించాడు. 1977 నుంచి 2003 దాకా ఆ కంపెనీ శాస్త్రవేత్తలు వేసిన అంచనాల్లో 63 నుంచి 83 శాతం నిజమయ్యాయని 2023లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. బయట మాత్రం 'ఇంకా సందేహాలున్నాయి' అనే మాటే ఏళ్ల తరబడి నడిపారు.

2. శాస్త్రం మాట ఏడాదికేడాది గట్టిపడింది.

ఐపీసీసీ 1988లో ఏర్పడింది. ఆ నివేదికల సారాంశాన్ని మీ ప్రభుత్వాల ప్రతినిధులే పంక్తి పంక్తీ చదివి ఒప్పుకోవాలి. అంటే మీరు ఒప్పుకోని వాక్యం ఒక్కటీ అందులో ఉండదు. 1995 నవంబరులో మాడ్రిడ్‌లో, మనిషి ప్రభావానికి ఏ విశేషణం తగిలించాలన్న దాని మీద పెద్ద పేచీ పడింది. సౌదీ అరేబియా, కువైట్ అడ్డం తిరిగాయి. చివరికి 'డిసర్నిబుల్' అన్న మాట దగ్గర తెగింది. నేను దాన్ని 'పోల్చుకోదగిన' అని తెలుగు చేశాను. అక్కణ్నుంచి చూడండి: వేడెక్కడానికి ప్రధాన కారణం మనిషేనన్నది 2001లో 'సంభావ్యం', అంటే 66 శాతానికి పైగా. 2007లో 90 శాతానికి పైగా. 2013లో 95కి పైగా. 2021లో శాతాల గొడవే లేదు, 'నిస్సందేహం' అనేశారు. అనువాదకుడిగా చెబుతున్నాను, అనుమానాన్ని అంకెల్లో కొలిచి, ఆధారం దొరికిన మేరకే మాట పెంచుకుంటూ వచ్చిన ఇంత నిజాయితీ గల గద్యం నేను వేరే చూడలేదు.

3. మీ మాట అదే కాలంలో పలచబడింది.

1988 జూన్‌లో టొరంటో సదస్సు సిఫారసు ఇది: కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలను 2005 కల్లా 20 శాతం తగ్గించాలి. అంకె ఉంది, గడువు ఉంది. అది ప్రభుత్వాలను కట్టిపడేసేది కాదు, నిజమే. 1992లో రియోలో వాతావరణ మార్పు మూల ఒప్పందం సంతకాలకు వచ్చింది. 1997లో క్యోటోలో మొదటిసారి కర్త కూడా వచ్చింది. ఐరోపా సంఘం 8 శాతం, అమెరికా 7, జపాన్ 6 అని పేరుపేరునా రాశారు. ఇన్నేళ్లలో మీరు రాసిన వాక్యాల్లో వ్యాకరణం నిండుగా ఉన్నది అదొక్కటే. సరిగ్గా దాన్నే మోయలేకపోయారు. ఆ డిసెంబరు ఒప్పందానికి ముందే, జులైలో, ఇలాంటిది మాకు వద్దని అమెరికా సెనేట్ 95–0 ఓట్లతో చెప్పేసింది. కెనడా 2011లో తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఆ అనుభవం నుంచి మీరు నేర్చుకున్న పాఠం, పేరు రాస్తే పారిపోతారు కాబట్టి పేరు రాయకూడదని.

2015 డిసెంబరు 12, పారిస్. ఒప్పందంలో 4వ అధికరణం, 4వ పేరా. ధనిక దేశాలు ఉద్గారాల కోతలో ముందుండాలన్న చోట 'షల్' అని ఉంది. అది 'షుడ్' కావాలని అమెరికా పట్టుబట్టింది. ఆఖరి సాయంత్రం అచ్చుతప్పుల సవరణల జాబితాలో కలిపి చదివేశారు. తెలుగులో ఈ తేడా 'చేయాలి'కీ 'చేస్తే బాగుంటుంది'కీ ఉన్నంత. ఒకటి అప్పుపత్రం, ఇంకోటి పలకరింపు. 'షల్' ఉంటే ఒప్పందమే దక్కేది కాదన్న మీ వాదన నాకు తెలుసు. బహుశా నిజమే. అయితే ఆ సంగతి బాహాటంగా చెప్పి మార్చాల్సింది, అచ్చుతప్పు అనకుండా. ఇంతకీ ఆ ఒప్పందం మొత్తంలో బొగ్గు, చమురు, శిలాజ ఇంధనం అన్న మాటలు ఎక్కడా లేవు. రోగం పేరు రాయకుండా రాసిన మందుచీటీ అది.

2018లో పోలండ్‌లోని కటోవిట్సలో, వేడి 1.5 డిగ్రీలకు మించి పెరగకూడదన్న హద్దు మీద మీరే అడిగి రాయించుకున్న శాస్త్రవేత్తల నివేదికను 'స్వాగతించడమా', 'గమనించడమా' అన్న తగువుకే సమయం సరిపోయింది. 2021 గ్లాస్గోలో ఆఖరి నిమిషంలో 'ఫేజ్ అవుట్' (క్రమంగా పూర్తిగా మానేయడం) పోయి 'ఫేజ్ డౌన్' (క్రమంగా తగ్గించడం) వచ్చింది. సవరణను చదివింది భారత్. సదస్సు అధ్యక్షుడు అలోక్ శర్మ గొంతు పూడుకుపోయి క్షమాపణ చెప్పాడు. అంతకు కొద్దిరోజుల ముందు అమెరికా, చైనా ఉమ్మడి ప్రకటనలోనూ అదే మాట ఉందని ఎవరూ పెద్దగా గుర్తుచేయలేదు. ఒక్క బొగ్గును నిలదీసి చమురునూ గ్యాస్‌నూ వదిలేయడం పేదదేశాలకు అన్యాయమన్న వాదనలో పస ఉంది. ఆ అన్యాయం సరిచేయాలంటే మిగతా రెండింటినీ చేర్చాలి. మీరు ఉన్న ఒక్కదాన్నీ పలచన చేశారు.

శిలాజ ఇంధనాలన్నిటి నుంచీ 'దూరంగా జరగడం' అన్న మాట 2023లో, 28వ సదస్సులో, దుబాయ్‌లో వచ్చింది. ఎంత దూరం, ఎప్పటికల్లా, ముందు ఎవరు అన్నది లేదు. 2025లో బ్రెజిల్‌లోని బెలెమ్‌లో 80కి పైగా దేశాలు అందుకొక దారిపటం అడిగితే, ప్రధాన తీర్మానంలో శిలాజ ఇంధనాల పేరే రాకుండా ముగించారు.

4. ఈ వ్యాకరణం ఖరీదు కట్టింది ఎవరు?

1850 నుంచి 2019 వరకు మనుషులు గాలిలో కలిపిన కార్బన్ డయాక్సైడ్ సుమారు 2,400 గిగాటన్నులు (గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు). అందులో 42 శాతం 1990 తర్వాతదే. అంటే మొదటి ఐపీసీసీ నివేదిక మీ బల్లల మీదికి వచ్చాక కలిసినది. 2024 సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్నదానికంటే 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. ఒక్క ఏడాది దాటితే హద్దు దాటినట్టు కాదని మీరంటారు. ఒప్పుకుంటాను. ఎండలో ఇటుకలు మోసే మనిషికి ఇరవై ఏళ్ల సగటు తెలియదు, ఆ మధ్యాహ్నం తెలుస్తుంది.

330 నుంచి 360 కోట్ల మంది ఈ ముప్పుకు బాగా లోబడిన పరిస్థితుల్లో బతుకుతున్నారని ఐపీసీసీ చెప్పింది. 2010–2020 మధ్య వరదలు, కరువులు, తుపానుల మరణాల రేటు అలాంటి ప్రాంతాల్లో, సురక్షితంగా ఉన్నవాటి కంటే 15 రెట్లు ఎక్కువ. మురుగు కాలువ వెడల్పు ఎంతుండాలో తేల్చే ఇంజనీరు, తీరాన గోడ ఎంతెత్తు కట్టాలో లెక్కవేసే మనిషి, వచ్చే ఇరవై ఏళ్లకు ఏ చెట్టు నాటాలో ఆలోచించే రైతు, వీళ్లంతా ఏదో ఒక అంకెను నమ్మి డబ్బు పెట్టాలి. మీ 'ప్రయత్నాలను వేగవంతం చేసే పిలుపు' నుంచి ఏ అంకె తీసుకోమంటారు?

డబ్బు సంగతి. సముద్రమట్టం పెరిగి మునిగే దేశాలకు బీమా లాంటి ఏర్పాటు కావాలని చిన్న ద్వీపదేశాల తరఫున వనువాటు 1991లో అడిగింది. నష్టాల నిధి పెట్టాలన్న నిర్ణయం షర్మ్ ఎల్ షేక్‌లో 2022లో జరిగింది. అడిగిన నాడు పుట్టిన పిల్లకు నిర్ణయం నాటికి ముప్పై ఒకటి. మరుసటేడు దుబాయ్‌లో దానికి వచ్చిన హామీలు సుమారు 70 కోట్ల డాలర్లు. పేద దేశాలకు ఏటా 10 వేల కోట్ల డాలర్లు 2020 కల్లా అందేలా చూస్తామన్న ధనిక దేశాల 2009 కోపెన్‌హాగన్ మాట 2022లో గానీ నెరవేరలేదు. ఆలస్యానికి వడ్డీ ఎవరూ అడగలేదు. మామూలు మనిషి అప్పు విషయంలో ఇంత ఉదారత ఎక్కడా చూడం.

5. సూటిగా రాయడం మీకు చేతకాక కాదు.

అంటార్కిటికా మీద ఓజోన్ పొర పలచబడిందని 1985లో బయటపడితే, 1987 కల్లా మాంట్రియల్ ఒప్పందం రాశారు. ఏ రసాయనం, ఎంత శాతం, ఏ ఏడాదికి అన్నీ పట్టికల్లో ఉన్నాయి. పేద దేశాలకు అదనపు గడువిచ్చి, 1990లో నిధి కూడా పెట్టారు. అవసరమైతే మూడింట రెండు వంతుల ఓటుతో దిద్దుకునే వీలు ముందే రాసుకున్నారు. ఓజోన్ పొర కోలుకుంటోంది. ఆ పొరను తినేసే సీఎఫ్‌సీ రసాయనాలను మాన్పించడం కంటే బొగ్గూ చమురూ మాన్పించడం ఎన్నో రెట్లు కష్టమని తెలుసు. కష్టమైన పనికి ఇంకా స్పష్టమైన భాష కావాలి కదా.

ఇక నా కోరికలు.

(అ) ప్రతి తీర్మానానికీ ఒక్క పేజీ జతపరచండి. ఎవరు, ఏం, ఎంత, ఎప్పటిలోగా అని నాలుగు గడులు. జవాబు లేని గడిలో 'నిర్ణయించలేదు' అని రాయండి. ఖాళీగా వదలొద్దు.

(ఆ) 'అన్‌అబేటెడ్' అన్న మాటకు నిర్వచనం తీర్మానంలోనే ఇవ్వండి. కరెంటు కేంద్రం పొగలోని కార్బన్ డయాక్సైడ్‌లో 90 శాతమో అంతకు మించో పట్టుకోవడాన్ని ఐపీసీసీ ఉదాహరణగా చెప్పింది. అది మీకు సమ్మతమో కాదో చెప్పండి. నిర్వచనం లేని మాటను ఆరు భాషల్లోకీ యథాతథంగా ఎక్కించడం అనువాదం కాదు, దాటవేత.

(ఇ) ఓటింగుకు సంబంధించిన 42వ నియమం 1995 బెర్లిన్ సదస్సు నాటి నుంచి ముసాయిదాగానే పడి ఉంది. అది తేలనందువల్ల ప్రతి మాటకూ అందరి ఒప్పుదలా కావాల్సి వస్తోంది. అలా మిగిలేది అందరిలోకీ తక్కువ ఇష్టపడేవాడి వాక్యం. ఆ నియమాన్ని ఎజెండాలో పెట్టి తేల్చండి. మొదలుపెట్టడానికి మాంట్రియల్ పద్ధతి ఉండనే ఉంది.

(ఈ) ముసాయిదాలో ఒప్పుదల కుదరని మాటల చుట్టూ చదరపు బ్రాకెట్లు పెడతారు. ఆఖరి ప్రతిలో అవి మాయమవుతాయి. ఏ బ్రాకెట్ ఎవరు పెట్టించారు, ఏ మాట ఎవరి కోరిక మీద మారింది అన్న చిట్టా సదస్సు ముగిసిన నెలలోపు బయటపెట్టండి. అచ్చుతప్పుల పేరుతో జరిగే మార్పులకు ఇది మరీ ముఖ్యం.

(ఉ) నష్టాల నిధికి ఎవరు ఎంత వేయాలో గత ఉద్గారాలనూ ఇప్పటి స్తోమతునూ కలిపి ఒక సూత్రం రాయండి. వాతావరణాన్ని కాపాడాల్సిన చట్టబద్ధమైన బాధ్యత దేశాలకు ఉందని అంతర్జాతీయ న్యాయస్థానం 2025 జులై 23న సలహాభిప్రాయం ఇచ్చింది. పసిఫిక్ ద్వీపాల న్యాయ విద్యార్థులు కొందరు 2019లో మొదలుపెట్టిన పని అది. మీరు తీసేసిన కర్తను వాళ్లు కోర్టు దాకా వెళ్లి వెతికి తెచ్చారు.

(ఊ) ఆరు భాషలకు బయట పనిచేసే అనువాదకులకు ఒక అర్థ వివరణ పట్టిక ఇవ్వండి. పొడుగాటిది అక్కర్లేదు. 'నెట్ జీరో', 'ట్రాన్సిషనింగ్ అవే', 'ఫేజ్ డౌన్' లాంటి ముప్పై నలభై మాటలకు, ఏది చేస్తే ఆ మాట నెరవేరినట్టో ఒక్కో వాక్యం చాలు.

ఈసారి కంప్యూటర్ జవాబు వద్దు. వచ్చే సదస్సు తొలి ముసాయిదా వెలువడ్డాక ఈ ఆరింటిలో ఏవి పట్టించుకున్నారో, ఏవి లేదో నా తెలుగు ప్రతి మొదటి పేజీలో పట్టిక వేస్తాను. ఇకనుంచి కర్త దొరకని ప్రతి వాక్యం పక్కనా, ప్రూఫు మీద ఎర్ర సిరాతో రాసిన ఆ ప్రశ్నను తుడవకుండా అలాగే అచ్చుకు పంపుతాను.

ఇట్లు,
మీ తీర్మానాల తెలుగు అనువాదకుడు